యాభై పుస్తకాల బైండింగు, ఒక బిల్లు: పర్లాకిమిడిలో ఒక దుకాణం గురించి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పాత పుస్తకాలను దారంతో కుట్టి బైండింగు చేసే దుకాణాలు నాకు తెలిసినంతలో రెండే మిగిలాయి. వాటిలో ఒకదానికి ఈమధ్య మా సంఘపు పుస్తకాలు యాభై ఇచ్చి, పందొమ్మిది రోజుల తరువాత తిరిగి తెచ్చుకున్నాను. పని ఎలా చేశారు, ఎంత తీసుకున్నారు, ఇచ్చేముందు ఏమేమి చెప్పాలి అన్న సంగతులు మరో సంఘపు కోశాధికారికి పనికొస్తాయని ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు మాత్రం రాయడం లేదు. ఎందుకు రాయడం లేదో బిల్లు సంగతి దగ్గరకు వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మాది తెలుగులో ఆరాధన జరుపుకునే చిన్న బాప్తిస్టు సంఘం. బల్లల మీద ఉండే ముప్పై ఆరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలూ, పద్నాలుగు పరిశుద్ధ గ్రంథాలూ ఇరవై ఏళ్లు పైబడినవి. మహేంద్రతనయ నది నిండుగా పారే రోజుల్లో మా మందిరం గోడలు చెమ్మగిల్లుతాయి, బీరువాలో పెట్టిన పుస్తకాలకు కూడా బూజు వాసన పడుతుంది. ఆదికాండము మొదటి ఆకులు, ప్రకటన గ్రంథము చివరి ఆకులు దాదాపు అన్ని ప్రతుల్లోనూ చిరిగాయి. కీర్తనల గ్రంథము వేళ్ల నూనెతో గోధుమరంగుకు తిరిగింది. దినవృత్తాంతములు రెండూ మాత్రం ప్రెస్సు నుంచి నిన్ననే వచ్చినంత తెల్లగా ఉన్నాయి. మేము దేన్ని చదువుతున్నామో, దేన్ని దాటవేస్తున్నామో ఆ పుస్తకాలే సాక్ష్యం చెప్పాయి.

కొత్తవి కొనవచ్చు కదా అని కొందరు పెద్దలు అడిగారు. ఇక్కడ ఒడియా బైబిలు దొరికినంత సులువుగా తెలుగు బైబిలు దొరకదు, శ్రీకాకుళం నుంచో విశాఖపట్నం నుంచో తెప్పించుకోవాలి. అంతకంటే పెద్ద కారణం అక్షరాలు. పాత ప్రతుల్లో అక్షరం పెద్దది. మా ముసలివాళ్లకు కళ్లజోడు మార్చినా కొత్త ప్రతుల్లో సన్నటి అక్షరం ఆనడం లేదు. ఒడియా మీడియంలో చదివే మా పిల్లలైతే తెలుగును కూడబలుక్కుని చదువుతారు, వాళ్లకూ పెద్ద అక్షరమే కావాలి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉంటూ, ఇప్పటికీ ‘పొందుదురు, చేయుదురు’ అని గ్రాంథికంలో చదువుకుంటున్న సంఘం మాది. ఆ పలుకుబడికి అలవాటుపడిన చెవికి వేరొకటి రుచించదు మరి.

దుకాణం ముందు భాగమంతా జెరాక్సు, లామినేషను, పెళ్లికార్డులు. బైండింగు వెనక గదిలో జరుగుతుంది. అక్కడ డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరు ఎత్తుపీట మీద కూర్చుని ఉంటారు. నేను పుస్తకాలు ఇచ్చిన రోజున ఆయన పని కాసేపు నిలబడి చూశాను. పాత అట్టను చాకుతో ఊడదీసి, వెన్ను మీద గట్టిపడిన జిగురును తడిగుడ్డతో నానబెట్టి గీకేశారు. ఫారాలను, అంటే కలిపి మడిచిన ఆకుల కట్టలను, విడదీసి, చిరిగిన ఆకులకు పలుచటి కాగితం పట్టీ అతికించారు. తరువాత ఒక్కొక్క ఫారం మడత మధ్యలోంచి సూదిని దూర్చి, మైనం పూసిన దారాన్ని లాగి, కింది ఫారం దారానికి ముడివేస్తూ పైకి కట్టుకుంటూ వెళ్లారు. జిగురు మైదాపిండితో ఉడికించినదే, అందులో పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం కలుపుతారు. కుట్టిన పుస్తకాన్ని చెక్కల మధ్య పెట్టి మర బిగించి రాత్రంతా వదిలేస్తారు. ఫెవికాలు పూసి వెన్ను అంటించి గంటలో చేతికిచ్చే బైండింగుకీ దీనికీ ఉన్న తేడా ఆ గదిలో నిలబడితే తప్ప తెలియదు.

కుట్టులో కనబడని బలం గురించి ఆదివారం ప్రసంగానికి ఒక దృష్టాంతం ఇక్కడే తయారుగా ఉందని నాకూ తోచింది. కానీ అలాంటి దృష్టాంతాలు వెదుక్కుంటూ తిరిగే మనిషికి ఆ దుకాణంలోనే ఏమైందో చెప్పవలసి ఉంది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ముందు పని సంగతి ముగిస్తాను. కుట్టు చాలా బాగుంది. బల్ల మీద ఏ పుట దగ్గర తెరిచినా పుస్తకం చేయి అడ్డుపెట్టనవసరం లేకుండా పరుచుకుని ఉంటుంది. రెక్సిను ముదురు నీలం, మూలలు చక్కగా మడిచారు, ఎర్ర రిబ్బను అడగకుండానే పెట్టారు. లోపాలు మూడు. మొదటిది అట్ట మీది బంగారు అక్షరాలు. ముప్పై ఆరు పుస్తకాల మీదా ‘కీర్తనలు’ అన్న మాట ‘కిర్తనలు’ అని పడింది. దీర్ఘం ఉన్న అచ్చు తమ దగ్గర విరిగిపోయిందని తరువాత చెప్పారు, ముందే చెబితే మానేయమనేవాణ్ణి. మా పిల్లల్లో ఒక్కరికి కూడా ఆ తప్పు కనబడలేదన్నది నన్ను మరింత బాధపెట్టింది. రెండవది అంచుల కత్తిరింపు. మూడు వైపులా కత్తెర మిషనుతో సమంగా కోశారు, చూడటానికి అందంగానే ఉంది. అయితే ఒక కుటుంబం తమ తాతగారి జ్ఞాపకంగా మందిరానికి ఇచ్చిన బైబిల్లో ఆయన అంచుల వెంట పెన్సిలుతో రాసుకున్న తేదీలు సగం సగం తెగిపోయాయి. ఎవరైనా అక్కడ పుస్తకాలు ఇస్తే అంచులు కోయవద్దని ముందే చెప్పాలి, చెప్పడమే కాదు, కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టాలి. మూడవది, ఒక బైబిల్లో యెహెజ్కేలు చివరి భాగంలో ఒక ఫారం తలకిందులుగా కుట్టుకుపోయింది. దాన్ని ఉచితంగా విప్పి కుడతామన్నారు.

ఎనిమిది రోజులన్నది పందొమ్మిది రోజులైంది. పెళ్లికార్డుల కాలం కనుక ఆలస్యాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు, అయితే మూడుసార్లు తిరిగాను. కీర్తనల పుస్తకానికి తొంభై రూపాయలు, బైబిలుకు రెండు వందల అరవై చొప్పున మొత్తం 6,880 రూపాయలు. మూడు వేలు ముందే ఇచ్చాను. చేతికుట్టుకు ఇది న్యాయమైన ధర.

ఇక బిల్లు.

పుస్తకాలు కట్టలు కట్టించి గల్లా దగ్గరకు వచ్చాను. పెద్దాయన కొడుకు, ముప్పై ఏళ్లుంటాయి, మాటతీరు ఎంతో మర్యాద. బిల్లుపుస్తకం తీసి, కార్బన్ కాగితం సర్ది, కలం పట్టుకుని నవ్వుతూ అడిగాడు: “ఎంతకి రాసీమంతారు బాబూ?”

అర్థం కానట్టు చూశాను. నిజానికి నాకు అర్థమైంది. నేను పగలు బియ్యం మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి, ఈ ప్రశ్నను వారానికి ఒకసారైనా వింటాను.

“ఎనిమిది వేలకి రాసీమంతారా? పోనీ, స్టాంపు వేసి ఖాళీ బిల్లు ఇచ్చీమంతే ఇచ్చేస్తాను, మీరే రాసుకుంతారు.”

ఆ అబ్బాయిని నేను దొంగ అనను. అతని గొంతులో గుసగుస లేదు, అటూ ఇటూ చూడలేదు. టీ తాగుతారా అని అడిగినంత సహజంగా అడిగాడు. ఇలా రాయించుకునే ఖాతాదారులు ఎంతోమంది కలిసి అతనికి ఆ మర్యాద నేర్పారు. అందుకే దుకాణం పేరు ఇక్కడ రాయలేదు. ఆ ప్రశ్న ఒక్క దుకాణానిది కాదు, దానికి తలుపు తెరిచే నాలాంటి వాళ్లదే ఎక్కువ భాగం.

వద్దు అని వెంటనే అనలేదు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. నా మనసులో ఆ క్షణంలోనే ఒక అంకె పడింది: 7,620. ఎనిమిది వేలు కాదు సుమా, అంత దురాశ నాకు లేదు. పుస్తకాలు తేవడానికి, తీసుకెళ్లడానికి ఆటోకి 300, మూడుసార్లు తిరిగినందుకు 120, కట్టలు మోసిన యువకులకు టిఫిన్‌కు 180, గోనెతాడు, అట్టకాగితాలకు 140, వెరసి 740 రూపాయలు నా జేబులోంచి పోయాయి. దేనికీ రశీదు లేదు. 6,880కి 740 కలిపితే 7,620. అంతకుమించి ఒక్క రూపాయి కూడా ఎక్కువ వద్దనుకున్నాను. దొంగతనం చేయబోతూ కూడా లెక్క సరిగా వేసుకున్నాను చూడండి, అది వృత్తి లక్షణం.

“ముందు పుస్తకాలు చూసుకుని రేపు చెబుతాను, మిగతా డబ్బు కూడా రేపే ఇస్తాను” అని బయటపడ్డాను. యోసేపు తనను లాగబోయిన పోతీఫరు భార్య చేతిలోనే వస్త్రాన్ని వదిలి పరుగెత్తాడు. నేను పరుగెత్తలేదు, వాయిదా అడిగాను. ఈ రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ ముందు ఆదివారమే యువకుల కూడికలో దాని మీద నలభై నిమిషాలు మాట్లాడాను. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదవ అధ్యాయంలో, ‘తప్పించుకొను మార్గము’ గురించి చెప్పే పదమూడవ వచనం వాళ్లతో కంఠస్థం చేయించాను. దానికి ముందున్న పన్నెండవ వచనాన్ని, నిలిచి ఉన్నాననుకునేవాడు పడకుండా చూసుకోవాలన్న దాన్ని, సమయం చాలదని వదిలేశాను.

ఆ రాత్రి ముందుగదిలో పుస్తకాలన్నీ పరిచి పుటల వరుస సరిచూడటం మొదలుపెట్టాను. పద్నాలుగు బైబిళ్లలో పై అంచున ఉన్న గ్రంథాల పేర్లు చూసుకుంటూ వెళ్లడం రెండు గంటల పని. చేతులు పుటలు తిప్పుతున్నాయి, మనసు 740 దగ్గరే ఉంది.

మన పాత అనువాదంలో ‘శోధన’ అన్న మాట నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగిస్తుంది. పాపం చేయమని లాగేదీ శోధనే, విశ్వాసాన్ని పరీక్షకు పెట్టే కష్టమూ శోధనే. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో నానావిధాల శోధనలలో పడినప్పుడు ఆనందించమని చెప్పిన నోరే, కాసేపటికి దేవుడు ఎవరినీ శోధించడని, ఎవడి దురాశ వాడినే ఈడ్చుకుపోతుందని చెబుతుంది. అబ్రాహాము దగ్గరకు వచ్చేసరికి మాత్రం అనువాదకులు ‘పరిశోధించెను’ అని రాసి, రెండింటికీ కొంచెం ఎడం చూపించారు. ఇక్కడి మా ఒడియా విశ్వాసులు ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘పరీక్ష’ అంటారు, పిల్లలు బడిలో రాసే పరీక్షకూ వాళ్లకు అదే మాట. పోలీసులు ఇంట్లో చేసే సోదా కూడా మన శోధనకు చుట్టమే. నా మట్టుకు ఆ సాయంత్రం జరిగినది సోదానే. బిల్లు ఎంతకు రాయాలన్న ఒక్క ప్రశ్నతో నా జేబులన్నీ బయటికి తిరగబడ్డాయి. అందులో ఉన్న సరుకు ఆ అబ్బాయి పెట్టినది కాదు, నేను ఇంటి నుంచి తీసుకెళ్లినదే.

రాజులు రెండవ గ్రంథం వచ్చినప్పుడు ఐదవ అధ్యాయం దగ్గర కావాలనే ఆగాను. గేహజీ కథ మనవాళ్లకు కొత్త కాదు, ఎలీషా ప్రవక్త మాట వల్ల కుష్ఠు నయమైన సిరియా సేనాధిపతి నయమాను వెనక పరుగెత్తి కానుకలు అడిగి ఆ కుష్ఠునే తెచ్చుకున్న ఎలీషా పనివాడు. ఆదివారపు బడిలో దురాశకు ఉదాహరణగా చెప్పి ముగిస్తాం. కోశాధికారి కళ్లతో చదివితే అది మరో రకంగా కనబడింది. నయమాను తెచ్చినది పది తలాంతుల (అప్పటి ఒక పెద్ద తూకం) వెండి, ఆరు వేల తులాల బంగారం, పది దుస్తులు. ఎలీషా అందులో ఏదీ ముట్టలేదు. గేహజీ వెళ్లి అదంతా అడగలేదు, ఒక్క తలాంతు వెండి, రెండు దుస్తులు మాత్రమే అడిగాడు. నాలాగే మితంగా అడిగాడు. ఊరికే అడగకుండా ఒక పద్దు కూడా చూపించాడు. ఎఫ్రాయిము మన్యం నుంచి ప్రవక్తల శిష్యులు ఇద్దరు ఇప్పుడే వచ్చారు, వాళ్ల కోసం అన్నాడు. అంటే లేని ఖర్చుకు బిల్లు పెట్టాడు. అప్పుడు నయమాను ఏమన్నాడు? ఒకటెందుకు, రెండు తలాంతులు తీసుకో అని బతిమాలి, రెండు సంచుల్లో కట్టించి, మోయడానికి తన మనుషుల్ని కూడా ఇచ్చాడు. శోధన ఇక్కడ కొమ్ములతో కోరలతో రాలేదు. కృతజ్ఞత నిండిన ఒక మంచి మనిషి చేతిలోంచి, మర్యాదగా, అడిగినదానికి రెట్టింపై వచ్చింది. ఎనిమిది వేలకి రాసీమంతారా అన్న గొంతు నాకు మళ్లీ వినిపించింది.

గేహజీ బయలుదేరేముందు ‘యెహోవా జీవముతోడు’ అని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. తన యజమాని ఈ సిరియావాణ్ణి ఊరికే వదిలేశాడు, తాను కొంచెం పుచ్చుకుంటే న్యాయమేనని అతని లెక్క. తప్పు చేసేవాడు ముందుగా తనకు రావలసిన బాకీ ఒకటి చూసుకుంటాడు. నా బాకీ 740.

అరణ్యంలో ప్రభువుకు కలిగిన శోధన కూడా ఇంతే సమంజసంగా మొదలవుతుంది. నలభై రోజుల ఉపవాసం తరువాత ఆకలి వేయడం పాపం కాదు, రొట్టె తినడం పాపం కాదు. ఆకలిగొన్నవాడికి రొట్టె కావాలన్నది న్యాయమైన బాకీనే. ఆయన ఆ బాకీని తన చేత్తో వసూలు చేసుకోలేదు. మూడుసార్లూ ద్వితీయోపదేశకాండము నుంచే జవాబు చెప్పాడు. అదే అరణ్యంలో ఇశ్రాయేలీయులు ఆహారం కోసం, నీళ్ల కోసం సణిగిన రోజులను గుర్తుచేసే గ్రంథం అది. ఆయనకు ఆ మాటలు అప్పటికప్పుడు వెదికితే దొరికినవి కావు. నాకు కూడా వచనాలు కంఠస్థమే, అయితే గల్లా దగ్గర ఒక్కటీ నోటికి రాలేదన్నది ఇక్కడ దాచను.

పదకొండు దాటుతుండగా నా భార్య వచ్చి ఏమిటింతసేపు అని అడిగింది. చెప్పాను. చెప్పాలని చెప్పలేదు, యెహెజ్కేలులో తలకిందులైన ఫారం చూపిస్తూ దుకాణం మీద విసుక్కోబోయి, ఆ విసుగులో బిల్లు మాట కూడా జారింది. ఆమె నన్ను తిట్టలేదు, వాక్యమూ చెప్పలేదు.

“ఆ ఏడు వందల నలభై సంఘాన్నే అడగొచ్చు కదండీ. బిల్లునెందుకు అడగడం?” అంది.

“రశీదులు లేవు.”

“లేవనే చెప్పండి. ఇస్తే ఇస్తారు, లేకపోతే మానేస్తారు.”

ఇంత తేలిక మార్గం నాకెందుకు తట్టలేదని చాలాసేపు కూర్చున్నాను. తట్టకపోవడం కాదు, నచ్చలేదు. చిన్న ఖర్చులు జేబులోంచి పెట్టుకునే మనిషినని సంఘంలో నాకొక పేరుంది. ఏటా లెక్కలు చదివిన రోజున ఎవరో ఒకరు లేచి ఆ మాట అంటారు, నేను తల దించుకుని వింటాను, వినడం ఇష్టమే. ఇప్పుడు వెళ్లి ఆటోకి మూడు వందలు, టిఫిన్‌కు నూట ఎనభై ఇప్పించండి అని అడిగితే ఆ పేరు పోతుంది. పేరూ ఉండాలి, డబ్బూ రావాలి. ఆ రెండూ కలిసేది దొంగబిల్లులోనే. శోధన డబ్బు వైపు నుంచి వచ్చిందని సాయంత్రం నుంచి అనుకుంటున్నాను కానీ, అది వచ్చిన దారి వేరే. ఇక ‘తప్పించుకొను మార్గము’ అంటారా, అది మొదటి నుంచీ తెరిచే ఉంది. కాకపోతే గుమ్మం ఎత్తు తక్కువ, తల వంచితే తప్ప దూరలేం.

మర్నాడు పొద్దున్నే వెళ్లి మిగతా 3,880 రూపాయలు ఇచ్చి, అయినంతకే రాయమన్నాను. ఆ అబ్బాయి కొంచెం కూడా తడబడలేదు. “మీ ఇష్టం బాబూ” అని 6,880కి తేదీ వేసి, వరుస నంబరున్న బిల్లు చింపి ఇచ్చాడు. కీర్తనల పుస్తకాలు, బైబిళ్లు వేరువేరుగా, ధర, సంఖ్య, మొత్తం అన్నీ వివరంగా రాశాడు. అడిగితే ఇంత శుభ్రమైన బిల్లు ఇచ్చే దుకాణం ఇది, దీన్ని కూడా సమీక్షలో జమ వైపు రాయాలి. ఇస్తూ, “మీలాగ రాయమనీవోలు తక్కువండి” అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చేదాకా నాకు తియ్యగా ఉంది. ముందురోజు ఏ అంకె వేసుకున్నానో ఎరిగిన వాణ్ణి, ఆ మెప్పును జంకు లేకుండా జేబులో వేసుకున్నాను. అపవాది ప్రభువును ‘కొంతకాలము’ మాత్రమే విడిచిపోయాడని లూకా రాశాడు. నన్నైతే ఆటో స్టాండు దాకా కూడా విడవలేదు.

ఆదివారం ఆరాధన తరువాత కమిటీలో బిల్లు పెట్టి, రశీదు లేని 740 సంగతి కూడా చెప్పాను. ఒక పెద్దాయన ఆటో మూడు వందలా అని కనుబొమలు ఎగరేశారు. ఆ రెండు నిమిషాలు నాకు ఇబ్బందిగానే గడిచాయి. చివరికి ఆటో, తాడు, కాగితాల ఖర్చు 440 ఇచ్చారు. తిరిగిన ఖర్చు, టిఫిన్లు సంఘం పద్దులో పడవన్నారు. 300 పోయింది. యువకులు తిన్న ఇడ్లీలకు నేనే ఆతిథ్యం ఇచ్చానని సరిపెట్టుకున్నాను. రశీదు దొరకని చిన్న ఖర్చులకు ఇకమీదట ఖర్చు పెట్టినవాడూ, పక్కనున్న మరొకరూ కలిసి సంతకం చేసిన చీటీ ఉంటే చాలని అదే రోజు తీర్మానించాం.

ఇద్దరి సంతకం అన్నది మా కమిటీ కనిపెట్టినది కాదు. యోవాషు రాజు కాలంలో మందిరపు మరమ్మతులకు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి బలిపీఠం పక్కన పెట్టించాడు. అది నిండినప్పుడు రాజుగారి లేఖకుడూ ప్రధానయాజకుడూ కలిసి లెక్కించి సంచుల్లో కట్టేవారు. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగుచేసిన చందాను మోసే పని వచ్చినప్పుడు పౌలు కూడా ఒంటరిగా పోలేదు. సంఘాలు ఏర్పరచిన మరో సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు, ఆ డబ్బు విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకుండా చూసుకుంటున్నామని కొరింథీయులకు దాపరికం లేకుండా రాశాడు. మూడవ ఆకాశం దాకా కొనిపోబడిన మనిషిని తానెరుగుదునని చెప్పిన అపొస్తలుడికి తోడు మనిషి అవసరమైతే, బియ్యం మిల్లు గుమాస్తా ఒంటరిగా గల్లా దగ్గరకు ఎందుకు వెళ్లాడో మా సంఘంలో ఎవరూ అడగలేదు. నమ్మకం అనుకున్నాం. నమ్మకమే, కానీ ఒక మనిషిని అంతగా నమ్మి ఒంటరిగా పంపడంలో ఆ మనిషి మీద దయ తక్కువని ఇప్పుడు అనిపిస్తోంది.

పని విషయంలో ఈ దుకాణానికి ఐదులో నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి ‘కిర్తనల’కు, తాతగారి తేదీలకు కలిపి. పాతపట్నం నుంచి, కాశీనగరం నుంచి వచ్చే సంఘాలవారు పాత పుస్తకాలు పారేయకుండా ఇక్కడికి తేవచ్చు, పెద్దాయన చేయి ఆడినంత కాలం ఈ కుట్టు దొరుకుతుంది. కొడుకు ఆ పని నేర్చుకోలేదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదన్నాడు. అట్ట మీది అక్షరాలను ముందుగా ఒక ముక్క మీద వేయించి చూసుకోండి. ఫారాల వరుసను డబ్బు పూర్తిగా ఇవ్వకముందే, అక్కడే కూర్చుని సరిచూసుకోండి. బిల్లు ఎంతకు రాయమంటారని తప్పకుండా అడుగుతారు. వెళ్లేటప్పుడు పక్కన ఒక మనిషిని తీసుకెళ్లండి, మీ మీద మీకు గట్టి నమ్మకం ఉంటే మరీ తప్పకుండా తీసుకెళ్లండి.

తలకిందులైన యెహెజ్కేలు ఇంకా మా ఇంట్లోనే ఉంది. గురువారం సాయంత్రం దాన్ని దుకాణంలో ఇచ్చి రావాలి. ఆటో మూడు వందలా అని అడిగిన పెద్దాయన తాను కూడా వస్తానన్నారు, ఈసారి ఆటో బేరం తానే ఆడతారట.